కర్ఫ్యూలో కంటి శిబిరం

మొన్న పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను చూసుకుంటుంటే మా పాత సేవాసంఘం వార్తాపత్రిక వచ్చింది. కాగితం మీద అచ్చు వేయడం వాళ్లెప్పుడో మానేశారు, ఇప్పుడంతా ఫోనుకే పంపుతున్నారు. అందులో చివరి పేజీలో ‘శుభవార్తలు’ అని ఒక శీర్షిక ఉంటుంది. ఒకాయన మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఎవరి భుజమూ పట్టుకోకుండా మేడ ఎక్కాడట. ఒకావిడ మిద్దె మీద పెంచిన కాకరపాదు పక్కింటి గోడ మీదికి పాకి కాయలు కాసిందట, ఆ కాయలు ఎవరివన్న తగువుతో మొదలై, ఏళ్ల తరబడి మాటల్లేని రెండిళ్ల వాళ్లూ ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నారట. ఇంకొకరి మనవడికి అక్షరాలన్నీ వచ్చేశాయి కానీ ‘ఱ’ దగ్గర మాత్రం ఏడుస్తున్నాడట. చదివి నవ్వుకున్నాను. నవ్వుతూనే చూసుకుంటే నా అరచేతులు చెమటపట్టి ఉన్నాయి. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని, “ఏంటమ్మా, ఎవరికైనా ఏమైనా అయిందా?” అంది. ఏమీ కాలేదని చెప్పాను. శుభవార్త అనే మాట వింటే నాకు ఇప్పటికీ ముందు గుండె దడ వస్తుందని, ఆ తర్వాతే నవ్వు వస్తుందని ఈ కాలం పిల్లకు ఎలా చెప్పను?

అది డెబ్బైల చివర. మావారికి ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం వచ్చి తెనాలి వైపు నుంచి హైదరాబాదు వచ్చాం. మా వాళ్లంతా నదికి ఇవతల కొత్త కాలనీల్లో ఇళ్లు వెతుక్కుంటుంటే ఆయన మాత్రం నదికి అవతల పాత ఊళ్లో జహనుమా అనే పేటలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. ఎందుకని అడిగితే, “గాలి బాగా వస్తుంది” అనేవారు. నాకు పెళ్లయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ వీధిలో మాట్లాడే తెలుగు నాకు సగమే అర్థమయ్యేది, ఉర్దూ అసలు అర్థమయ్యేది కాదు. కూరగాయల బండివాడు “ఏంది చెల్లె, ఏం గావాలె?” అంటే కూడా ఏదో కోప్పడుతున్నాడనుకుని ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. నా స్వభావమే పిరికిది. పిల్లి ఎదురైతే భయం, పోస్టుమాన్ గట్టిగా పిలిస్తే భయం, అన్నిటికన్నా పెద్ద భయం మా అత్తగారు.

ఈయనకు ఆఫీసు స్నేహితుల వల్ల ఆ సేవాసంఘంలో సభ్యత్వం వచ్చింది. ఉద్యోగులు, టీచర్లు, వ్యాపారస్తులు అందరూ కలిసిన సంఘం. నెలకోసారి ఆదివారం పూట బేగంబజార్‌లో ఒక గిన్నెల దుకాణం పైనున్న హాల్లో కుటుంబాలతో సహా చేరేవాళ్లం. ఆ దుకాణం సేఠ్‌గారే సంఘం అధ్యక్షుడు. వాళ్ల తాతల కాలం నుంచీ అక్కడ ఇత్తడి, రాగి సామాను అమ్ముతున్నారు. మనిషి పెద్ద గంగాళంలా ఉండేవాడు, గొంతు మాత్రం చిన్నపిల్లవాడి గొంతు. నియమాలంటే ప్రాణం. ఇత్తడి గంట కొట్టి సభ ప్రారంభించేవాడు, గంట కొట్టి ముగించేవాడు, మధ్యలో ఎవరైనా మిర్చీబజ్జీల వైపు చూస్తే వాళ్ల మీదా గంట కొట్టేవాడు. సభలో అన్నిటికన్నా ముందు శుభవార్తలు. ప్రతి ఒక్కరూ లేచి నిలబడి, తమ ఇంట్లో జరిగిన ఒక సంతోషకరమైన విషయం చెప్పాలి. ఆడవాళ్లకు, కొత్తవాళ్లకు మినహాయింపు లేదు. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు ఏమీ తోచక, చివరికి “మా పాలవాడు ఈ నెల నీళ్లు తక్కువ కలిపాడు” అన్నాను. హాలంతా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక అవమానంతో ఏడ్చాను. ఆ తర్వాత ప్రతి నెలా ఆదివారం దగ్గర పడుతుంటే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

ఆ ఏడాది సంఘం వాళ్లు కంటి శిబిరం పెట్టారు. జహనుమాలోనే మా ఇంటికి కొంచెం దూరంలో ఒక పాత దేవిడీ ఉండేది. జాగీర్దార్ల కాలంనాటి పెద్ద ఇల్లు. చుట్టూ ఎత్తైన గోడ, వీధివైపు ఏనుగు పట్టేంత తలుపు, లోపల పెద్ద వాకిలి, వాకిలి చుట్టూ గదులు. అందులో అప్పుడు ఒక బడి నడిచేది. సెలవులు కాబట్టి పెద్ద హాలు ఖాళీ చేయించి రెండు వరసల్లో మంచాలు వేశారు. కళ్లలో శుక్లాలు ముదిరిన ముసలివాళ్లు పాతిక ముప్పై మంది చేరారు. నదికి ఇవతల ఉండే డాక్టర్ సాబ్ వచ్చి వరసగా ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో ఆపరేషన్ ఒక కంటికే అయినా రెండు కళ్లకూ కట్టు కట్టేవారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టేవారు. డాక్టర్ సాబ్ మంచాల మధ్య నిలబడి అందరికీ వినబడేలా చెప్పారు: “రోనా నక్కో, హస్నా నక్కో, ఖాంస్నా నక్కో!” ఏడవొద్దు, నవ్వొద్దు, దగ్గొద్దు. ఏడిస్తే కుట్టు ఊడి కన్నే పోవచ్చు. ఆ మాట ఆయన ఎంత గట్టిగా అన్నారంటే, ఆపరేషన్ చేయించుకోని నేను కూడా ఆ రోజంతా దగ్గు ఆపుకున్నాను.

ఒక వరసలో వీధి వైపు తలుపుకు దగ్గరగా ఉన్న మంచం మా అత్తగారిది. ఊళ్లో ఏ పని చేసినా తడుముకుంటోందని ఈయన వెళ్లి తీసుకొచ్చారు. ఆవిడ మడి మనిషి. తన చెంబు తనదే, తన దుప్పటి తనదే. పక్క మంచం మీద మా వీధి చివరింటి నానీ పడుకుంది. ఆ వీధిలో పిల్లాపెద్దా అందరూ ఆవిడను ఉర్దూలో నానీ, అంటే అమ్మమ్మ అనే పిలిచేవారు, ఆవిడ అసలు పేరు ఏమిటో నేను ఎప్పుడూ వినలేదు. ఇద్దరి కళ్లకూ కట్లు ఉన్నా, మా అత్తగారు తన మంచం అటు జరగకుండా, నానీ చెయ్యి ఇటు తగలకుండా మధ్యలో ఒక తలగడ పెట్టించుకుంది. సభ్యుల భార్యలం వంతులవారీగా వచ్చి రోగులకు జావ తాగించడం, ఒంటికి రెంటికి సాయం చేయడం మా పని. కోడల్ని కాబట్టి నా వంతు అంటూ ఏమీ లేదు, పొద్దుట్నుంచి అక్కడే.

ఆపరేషన్లయిన మర్నాడో ఆ మర్నాడో, ఈయన పొద్దున్నే సైకిలెక్కి అఫ్జల్‌గంజ్ వెళ్లారు. కళ్లలో వేసే చుక్కల మందు, దూది తీసుకురావాలి. “మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తాలే” అన్నారు. సేఠ్‌గారు బత్తాయిలు పంచడానికి బుట్టతో వచ్చారు, సంఘం గంట కూడా సంచిలో ఎప్పుడూ వెంట ఉండేది. మిగతా ఆడవాళ్లు ఇంకా రాలేదు. నేను జావ కాస్తున్నాను.

ముందు వీధిలో దుకాణాల తలుపులు టపటపా మూసుకున్న చప్పుడు. తర్వాత ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు, ఒక్కరు కాదు, చాలామంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కాపలా ముసలాయన పెద్ద తలుపుకు అడ్డకర్ర వేస్తూ సేఠ్‌గారి చెవిలో ఏదో చెప్పాడు. సేఠ్‌గారు బత్తాయిల బుట్ట అక్కడే వదిలేశాడు. వంటింట్లోకి వచ్చి, గుసగుసగా, “చెల్లె, ఊర్ల లొల్లి అయింది. కర్ఫ్యూ పెట్టిన్రు. ఎవ్వరు బయటికి పోవద్దంట, లోపలికి రావద్దంట” అన్నాడు. ఏ గొడవో, ఎందుకు మొదలైందో ఇప్పుడు నాకు గుర్తులేదు. అప్పుడూ తెలియదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఈయన అఫ్జల్‌గంజ్‌లో ఉన్నారు. నేనిక్కడున్నాను. మధ్యలో ఊరంతా ఉంది.

ఏడవబోతుంటే సేఠ్‌గారు రెండు చేతులూ జోడించాడు. “నువ్వు ఏడిస్తె నీ అత్త ఇంటది చెల్లె. ఆమె ఏడుస్తది. ఒకరు ఏడిస్తె అందరు ఏడుస్తరు. ఇన్ని కండ్లు పోతయి.” ఆయన పెళ్లాం పిల్లలు బేగంబజార్‌లో ఉన్నారు. అక్కడ ఏమవుతోందో ఆయనకూ తెలియదు. దేవిడీలో ఫోను లేదు. ఒక ట్రాన్సిస్టర్ ఉంటే, వార్తలు ఎవరి చెవినా పడకుండా దాన్ని బియ్యం డబ్బాలో దాచేశాం. కళ్లకు కట్లున్న వాళ్లకు ఏమీ తెలియనివ్వకూడదని మేమిద్దరం ఒట్టు పెట్టుకున్నంత పని చేశాం. అక్కడున్న అందరిలోకీ పిరికివాళ్లం మేమిద్దరమే, ఆ పని మా ఇద్దరి మీదే పడింది.

మొదట రాయి ఒకటి వచ్చి వాకిట్లో పడి, అక్కడ ఆరబెట్టిన గిన్నెల మీద దొర్లింది. హాల్లో అందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. “ఏమిటే ఆ చప్పుడు?” అంది మా అత్తగారు. “నేనే అత్తయ్యా, చెయ్యి జారి పళ్లాలు పడేశాను” అన్నాను. “చెయ్యా, అరటిదూటా అది?” అంది ఆవిడ. కాసేపటికి ఎక్కడో టైర్లు కాలుతున్న వాసన గుప్పుమంది. ఎవరో అడిగేలోపే, “పాలు మాడిపోయాయి” అని నేనే చెప్పేశాను. “పాలు మాడితే రబ్బరు వాసన వస్తుందటే? ఏ గిన్నెలో కాచావు తల్లీ?” అంది. వీధిలో కేకలు వినిపిస్తే సేఠ్‌గారు పెళ్లి బారాత్ పోతోందన్నాడు. మిట్టమధ్యాహ్నం బారాత్ ఏమిటని ఎవరూ అడగలేదు. ఒక్కో అబద్ధానికీ నా పనితనం గురించి మా అత్తగారి అభిప్రాయం ఒక్కో మెట్టు దిగుతోంది. ఇంకో సమయంలో అయితే సిగ్గుతో చచ్చేదాన్ని. ఆ రోజు ఆవిడ తిట్లు వినిపిస్తున్నంతసేపూ, అమ్మయ్య, ఏమీ తెలియలేదు అనుకుంటూ ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు పెద్ద తలుపు మీద దబదబా దెబ్బలు. “దర్వాజా ఖోలో!” అన్న అరుపు. నా చేతిలోని గరిటె నిజంగానే జారి పడింది. సేఠ్‌గారూ నేనూ తలుపు దగ్గరికి వెళ్లాం. ఎవరు ముందు నడవాలో తెలియక ఇద్దరం పక్కపక్కనే అడ్డంగా నడిచినట్టు గుర్తు. “ఎవరున్నరు లోపల?” అని బయటి గొంతు. సేఠ్‌గారు, “కండ్లు కనపడనోళ్లున్నరు సాబ్!” అన్నాడు. “అందరా?” అంది గొంతు. “అందరు సాబ్! నేను తప్ప!” అన్నాడాయన. వచ్చింది పోలీసు. వీధి మొదట్లో జనం గుమిగూడారనీ, గ్యాస్ వదలబోతున్నారనీ, కిటికీలన్నీ గట్టిగా మూసుకోమనీ అరిచి వెళ్లిపోయాడు.

గ్యాస్ అంటే కళ్లు మండే గ్యాస్. ఆ మాట మెదడులోకి దిగడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. లోపల కోసి కుట్టిన కళ్లు ఉన్నాయి. ఆ తర్వాత మేం ఎలా పరిగెత్తామో తెలియదు. దుప్పట్లు, ధోవతులు, నేను మార్చుకోవడానికి తెచ్చుకున్న చీరతో సహా దొరికిన బట్టనల్లా తొట్టిలో ముంచి తలుపు సందుల్లో, కిటికీల్లో కుక్కాం. సేఠ్‌గారు తన తలపాగా విప్పి తడిపి వెంటిలేటర్‌లో దోపాడు. ఆయన్ని తలపాగా లేకుండా ఎవరైనా చూడటం అదే మొదటిసారి అయ్యుంటుంది. బయట ఢామ్మని ఒకటి పేలింది, వెంటనే ఇంకొకటి. ఎంత మూసినా సన్నగా ఘాటు లోపలికి రానే వచ్చింది. నా కళ్లలోంచి నీళ్లు ధారలు. ఒక మంచం మీద ఎవరో దగ్గారు. ఇంకెవరో, “ఏంది మంట?” అన్నారు. “మిరపకాయల తాలింపు! నేను తాలింపు మాడ్చాను!” అని అరిచాను. చేతులు లేస్తున్నాయి. ఒకాయన వేళ్లు అప్పుడే కట్టు దాకా వెళ్లాయి. ఇద్దరం ఎన్ని చేతులని పట్టుకోగలం?

అప్పుడు నానీ గొంతు లేచింది. అంత బక్కమనిషిలోంచి అంత గొంతు వస్తుందని నేననుకోలేదు. “అందరు ఇనుండ్రి! కంటికాడికి చెయ్యి పోవద్దు. పక్కోళ్ల చెయ్యి పట్టుకోండ్రి. గట్టిగ పట్టుకోండ్రి. ఎవ్వరు ఇడవొద్దు!” ఒక్కొక్క చెయ్యీ గాలిలో తడుముకుంటూ పక్క మంచం చెయ్యి వెతుక్కుంది. అటు చివర పడుకున్న పాత టాంగావాలా తాత ఒక దర్జీ చెయ్యి పట్టుకున్నాడు, దర్జీ ఇంకెవరిదో పట్టుకున్నాడు. నానీ చెయ్యి చాపి మా అత్తగారి మంచం మీద వెతుకుతోంది. మధ్యలో తలగడ ఉంది. మా అత్తగారు తన చేత్తో ఆ తలగడ తీసి కింద పడేసి, ఆ చెయ్యి అందుకుంది. అంతే. రెండు వరసలు, కళ్లకు గంతలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ముక్కులోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా.

ఆ నిశ్శబ్దంలో సేఠ్‌గారు సంచిలోంచి గంట తీసి కొట్టాడు. “ఈ సభ ప్రారంభమైంది” అన్నాడు, ఆ చిన్న గొంతుతో. “అన్నిటికన్న ముందు శుభవార్తలు. మా చెల్లె చెప్తది.” ఆయన నా వైపు చూశాడు. బోడితల, ఎర్రటి కళ్లు, మీసాల మీద నీళ్లు. ఈయన ఎక్కడున్నారో తెలియదు. బతికే ఉన్నారో లేదో తెలియదు. నేను శుభవార్త చెప్పాలి.

చెప్పాను. ఏం చెప్పానో వింటే నవ్వుతారు. సేఠ్‌గారి దుకాణంలో ఒక పెద్ద గంగాళంలో పిల్లి పిల్లల్ని పెట్టిందనీ, ఆ గంగాళం కొనడానికి వచ్చిన పెళ్లివారు పిల్లుల్తో సహా కావాలని పట్టుబట్టారనీ, సేఠ్‌గారు పిల్లిని అడిగి చెప్తానన్నాడనీ. ఒక్క ముక్క నిజం లేదు. మంచాల మీంచి సన్నగా నవ్వు మొదలైంది. వెంటనే నానీ, “బేటీ, అంత నవ్వించకు. కుట్లు ఊడుతయి. జర తక్కువ నవ్వొచ్చేది చెప్పు” అంది. అది మరీ కష్టమైపోయింది. ఏడుపు రాకూడదు, నవ్వు రాకూడదు, భయం తెలియకూడదు, అలాంటి వార్తలు ఎక్కడినుంచి తేను? వంకాయ ధర చెప్పాను. మా పాలవాడి సంగతి మళ్లీ చెప్పాను. తర్వాత టాంగావాలా తాత తన గుర్రం ఒకసారి తనను ఎక్కించుకోకుండానే బండెక్కిన మనిషిని ఇంటికి చేర్చి వచ్చిందని చెప్పాడు. దర్జీ చెప్పాడు. ఒక్కొక్కరూ చెప్పారు. మధ్యమధ్యలో బయట పేలుతోంది. పేలినప్పుడల్లా నేను, “ఇంకో తాలింపు” అంటున్నాను.

మా అత్తగారి వంతు వచ్చింది. “మా వాడు చిన్నప్పుడు తిరునాళ్లలో తప్పిపోయాడు. పొద్దున పోయిన వాడు సందేళకి దొరికాడు. ఒంటి మీద దెబ్బ లేకుండా దొరికాడు” అంది. “అదే నా శుభవార్త. అంతే.” నేను స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఘాటు తగ్గాక నానీకి జావ తాగిస్తుంటే, ఆవిడ నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చెవిలో చెప్పింది. “ఈ గల్లీల పుట్టిన, ఈ గల్లీల ముసల్దాన్నయిన. మిర్చి తాలింపు ఏందో, పోలీసోళ్ల పొగ ఏందో నాకు ఎరిక లేదా బేటీ? టాంగా తాతకు ఎరికే, దర్జీకి ఎరికే. అందరికీ ఎరికే. నీ అత్త ఒక్కతే కొత్త. నీ మొగుడు మందులకు పోయి వాపస్ రాలేదని గుడ ఎరికే. ఆమెకు మాత్రం చెప్పకు. మేం గుడ చెప్పం.” నేను ఇంతసేపూ వాళ్లను కాపాడుతున్నాననుకున్నాను. నా అబద్ధాలు నా మీద జాలితోనే వాళ్లు నమ్మినట్టు నటించారు.

మర్నాడు పొద్దుట్నుంచీ హాలు మొత్తం మా అత్తగారి చుట్టూ ఒక్కటై అబద్ధాలాడింది. ఆవిడ కునుకు తీసి లేస్తే టాంగావాలా తాత, “అమ్మా, మీ కొడుకు ఇప్పుడే వచ్చి పోయిండు. నిద్ర లేపొద్దన్నడు” అన్నాడు. దర్జీ, “నాక్కూడ పండు ఇచ్చి పోయిండు” అన్నాడు. మా అత్తగారు “ఊఁ” అనేది. ఆ “ఊఁ” విన్నప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడేది. ఇంకోవైపు డాక్టర్ సాబ్ రాలేదు, చుక్కల మందు అయిపోవచ్చింది, కట్లు మార్చే వేళ దాటిపోయింది. ఆకాశంలో పక్షి అరిచినా ఎవరో కేక వేశారనుకునేదాన్ని. సేఠ్‌గారు గంటకోసారి తలుపు దాకా వెళ్లి, అడ్డకర్ర ముట్టుకుని చూసి వచ్చేవాడు.

ఆ మధ్యాహ్నం వీధిలో జీపు ఆగింది. తలుపు మీద ఈసారి మెల్లగా తట్టారు. కాపలా ఆయన తలుపు తీస్తే ముందు డాక్టర్ సాబ్, వెనక పోలీసు, ఆ వెనక ఈయన. గడ్డం మాసింది, చొక్కా చిరిగింది, మందుల సంచి మాత్రం గుండెకు హత్తుకుని ఉంది. గొడవ మొదలవగానే సైకిలు వదిలేసి పరిగెత్తి బేగంబజార్‌లో సేఠ్‌గారి ఇంట్లోనే తల దాచుకున్నారట. సేఠ్‌గారి భార్య ఆయనకు అన్నం పెట్టి, కర్ఫ్యూ కాసేపు సడలించినప్పుడు డాక్టర్ సాబ్ ఇంటికి దారి చూపించిందట. పోలీసు అనుమతి తీసుకుని ఇద్దరూ కలిసి వచ్చారు. తన ఇల్లు క్షేమమని విన్న సేఠ్‌గారు బత్తాయిల బుట్ట మీదే కూలబడిపోయాడు. నేను ఏడవకుండా ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. ఏమీ మాట్లాడొద్దని, అమ్మ కళ్లు జాగ్రత్తని ఈయనకు సైగ చేశాను. ఆయన తల ఊపి, మామూలుగా నడిచి వెళ్లి వాళ్లమ్మ మంచం పక్కన నిలబడ్డారు.

“చెప్పులేం చేశావురా?” అంది మా అత్తగారు.

ఈయన తన కాళ్ల వైపు చూసుకున్నారు. ఉత్త కాళ్లు. పరుగులో ఎక్కడో ఊడిపోయాయి.

“నిన్న పొద్దుట్నుంచీ నీ చెప్పుల చప్పుడు కోసమే వింటున్నాను” అంది ఆవిడ, తల కదపకుండా, చాలా నెమ్మదిగా. “వచ్చి పోయాడు, వచ్చి పోయాడు అని వీళ్లంటూనే ఉన్నారు. చప్పుడేదీ? అడిగితే ఏడుపొస్తుందని అడగలేదు. ఉత్త కాళ్లతో వచ్చినా నీ నడక నాకు తెలియదటరా? రా, ఇలా కూచో.” ఆయన చెయ్యి ఒక చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి ఇంకా నానీ చేతిలోనే ఉంది. తర్వాత నా వైపుకు, నేనున్నాననుకున్న వైపుకు, “నీ చేతి వంట నేను ఇన్నాళ్లు తింటున్నాను. తాలింపు మాడ్చే పిల్లవి కాదని తెలియదుటే? తిట్టకపోతే నీకు అనుమానం వచ్చేది” అంది. మా అత్తగారు నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్లి, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నా కళ్లకు కుట్లు లేవు కదా.

ఎవరి కన్నూ పోలేదు. కట్లు విప్పిన రోజున డాక్టర్ సాబ్ వేళ్లు చూపించి లెక్కపెట్టమంటే, మా అత్తగారు ఆ వేళ్లు చూడకుండా పక్క మంచం వైపు తిరిగింది. నానీ కూడా అప్పుడే అటు తిరిగింది. చెయ్యి తెలుసు, గొంతు తెలుసు, మొహం చూడటం అదే. “ఇంత పొట్టిదానివా?” అంది మా అత్తగారు. “గింత తెల్లగున్నవా?” అంది నానీ. ఇద్దరూ నవ్వబోయి, డాక్టర్ సాబ్‌ను చూసి నోళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత మా అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఆవకాయ జాడీ ఒకటి వీధి చివరింటికి వెళ్లేది, అటునుంచి వాళ్లు సేవయ్యలనే సేమియా పాయసం వచ్చేది. మడి సంగతి ఆవిడ ఏం సర్దుకుందో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మేం నదికి ఇవతల సొంత ఇంటికి వచ్చేశాం. సేఠ్‌గారు పోయారు, నానీ పోయింది, మా అత్తగారు తొంభై దాటి వెళ్లిపోయింది, ఈయన వెళ్లి కూడా ఐదారేళ్లవుతోంది. దేవిడీ ఉన్న చోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉందని ఎవరో చెప్పారు. పిల్లల్ని పెంచిన ఏళ్లు, ఇల్లు కట్టుకున్న ఏళ్లు, ఏ చీకూ చింతా లేకుండా హాయిగా బతికిన ఏళ్లు ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లాయో వేళ్ల మీద లెక్కపెడదామన్నా నిలవడం లేదు. ప్రాణాలు బిగబట్టి గడిపిన ఆ కొద్ది గంటలు మాత్రం, ఎందుకో, నాలో ఇంకా గడుస్తూనే ఉన్నాయి.